కందిలి పట్టుకుపోయిన తాత

మా ఇంట్లో తాత మాట ఎత్తకూడదు. ఎత్తొద్దని ఎవరూ చెప్పలేదు, అయినా అందరికీ తెలుసు. నాకు ఊహ తెలిసేనాటికే మా బాపు తండ్రి పేరు "పారిపోయినోడు". పెళ్ళాన్నీ ఏడేళ్ల కొడుకునీ వదిలేసి బొంబాయికో భివండికో చెక్కేశాడనీ, అక్కడ ఇంకొకతెను పెట్టుకున్నాడనీ సొంతూరు మొత్తం చెప్పుకుంది. ఊరు చెప్పిందే బాపు నమ్మాడు. ఏడేళ్ల పిల్లవాడు నమ్మక ఏం చేస్తాడు? డెబ్బై నాలుగేళ్లు వచ్చాక కూడా నమ్ముతున్నాడే అని నాకు ఒళ్లు మండేది. నేనూ నమ్మాను కాబట్టి పైకి అనలేదు.

జరిగిందని మాకు తెలిసింది ఇంతే. మా సొంతూరిలో దొరల గడీ ఉంది, కోటలాంటి పెద్ద ఇల్లు. ఊరి పేరు రాయను, రాస్తే రేపే నాకు ఫోన్లు వస్తాయి. దొర బిడ్డ పెళ్లికి ధాన్యం కావాలి, పాతర తీయాలి రమ్మని ఒకరోజు పొద్దున్నే గడీ నుంచి మనిషి వచ్చాడు. పాతరంటే భూమిలో లోతుగా తవ్విన గుంత. ధాన్యం నింపి, పైన గడ్డి పరిచి, మన్నుతో మూసేస్తారు. నెలల తరబడి మూసి ఉన్న పాతరలో గాలి చెడిపోతుంది. తెరవగానే దిగిన మనిషి మళ్లీ పైకి రాడు. అందుకని తెరిచాక ఒక పగలూ రాత్రీ వదిలేసి, మర్నాడు తాడుకు కందిలి కట్టి కిందికి దింపుతారు. లాంతరులో దీపం నిలిస్తే మనిషి దిగొచ్చు. ఆరితే ఆగాలి. మా తాతకు ఈ పనిలో పేరు ఉండేదట. ఆ పొద్దున కూడా ఇంట్లోంచి తన కందిలి పట్టుకునే వెళ్లాడు.

మనిషీ రాలేదు, కందిలీ రాలేదు. మూడో రోజు గడీ మనిషే మళ్లీ వచ్చి, "నీ మొగడు పని సగంల ఇడిసిపెట్టి ఎటో పోయిండు, దొర మస్తు కోపం మీద ఉన్నడు" అని మా నాయినమ్మను బెదిరించి పోయాడు. వెట్టి ఎగ్గొట్టి పారిపోయినవాడి ఇంటివాళ్లు ఆ ఊళ్లో ఎన్నాళ్లు ఉంటారు? ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని ఆర్మూర్ వచ్చేసింది. గంజిలో, అంటే పసుపు మార్కెట్లో, కొమ్ములు వేరు, గడ్డలు వేరు చేసే పనిలో కుదిరింది. బాపు మీసాలు రాకముందే అక్కడే హమాలీ అయ్యాడు. ఆ దుమ్ముకు ఇప్పటికీ దగ్గుతూనే ఉంటాడు.

నాయినమ్మ తన మొగుణ్ణి వెనకేసుకు రావడం నేనెప్పుడూ చూడలేదు. ఒక్క మాట మాత్రం అనేది.

"పారిపోయెటోడు కందిలి పట్కపోతడా?"

ఆ కందిలికి పైన పట్టుకునే తీగె ఊడిపోతే, నాయినమ్మ చేతి ఇత్తడి కడియం తీసుకుని, దాన్నే వంచి, రాగి తీగె చుట్టి బిగించాడట తాత. "నా కడియం పోయిందని నేను గులిగిన. ఇంకోటి తెస్తనన్నడు" అనేది. అక్కడితో ఆగిపోయేది.

ఆమె నుదుట రూపాయంత బొట్టు, చేతుల నిండా గాజులు. మొగుడు చచ్చాడని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆమె ముత్తైదువే. పెళ్లిళ్లలో పసుపు దంచడానికి పిలిచేవారు. వెళ్లేది. రోకలి వేస్తుంటే వెనక ఆడవాళ్లు మూతులు తిప్పుకోవడం చిన్నప్పుడు నేను కళ్లారా చూశాను. పదిహేనేళ్లప్పుడు, ఏదో చిన్న గొడవలో, నేనూ అనేశాను. "గంత మంచిగ చూస్కుంటే తాత ఎందుకు పారిపోతుండే?" అని. ఆమె నా జడ అల్లుతోంది, అల్లడం పూర్తిచేసి లేచి వెళ్లింది. ఆ రోజుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

బాపు ఇంకా పెద్ద పనే చేశాడు. ఆచూకీ లేనివాడికి పన్నెండేళ్లు గడిచాక కర్మ చేయొచ్చు, దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తారు. చుట్టాలు ఆ మాట తెచ్చినప్పుడు బాపు వాళ్లను గుమ్మం బయటే నిలబెట్టాడట. "వాడు యాడనో తిని పన్నడు. వానికి పిండాలెందుకు?" అన్నాడట. పెత్రమాస అమావాస్యనాడు పెద్దల పేరున బియ్యం ఇచ్చేటప్పుడు కూడా తన తాత పేరు చెప్పేవాడు, ముత్తాత పేరు చెప్పేవాడు. మధ్యలో తండ్రి పేరు దాటేసేవాడు. నాయినమ్మ పోయాక ఆమె పేరు చేరింది, ఆయనది మాత్రం చేరలేదు.

ఇక గడీ సంగతి. ఎవరో కొన్నారు. గోడలకు సున్నం కొట్టి, ముందు పార్కింగు, లోపల కాఫీ దుకాణం, గేటు దగ్గర టికెట్లు పెట్టారు. ఆదివారాలు చుట్టుపక్కల జనం కార్లేసుకుని చూడ్డానికి పోతున్నారు, పెళ్లికి ముందు ఫోటోలకైతే వరస కట్టి పోతున్నారు. నా బిడ్డ డిగ్రీ చదువుతోంది, ఫోన్లో చూసి, "అమ్మా, మన ఊరే గదా, పోదాం" అని పది రోజులు నా ప్రాణం తీసింది. సరేనన్నాను. మంచం మీద దగ్గుతూ కూర్చున్న బాపు, "నేను గూడ వస్త" అన్నాడు. ఊరొదిలాక ఆ దిక్కే తొక్కని మనిషి. ఎందుకని అడగలేదు. అడిగితే రానంటాడని భయం.

ఆదివారం తెలిసినవాళ్ల ఆటో మాట్లాడుకుని బయల్దేరాం. ఇందల్వాయి దాటాక, "గడీ ముంగట చెప్పులు ఇడువాలె" అన్నాడు బాపు. నా బిడ్డ నవ్వింది. గేటు దగ్గర నిజంగానే వంగి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. వాచ్‌మన్ చూసి, "ఏస్కో తాత, ఇది గుడి కాదు" అన్నాడు. బాపు వేసుకోలేదు. అలాగే చేత్తో పట్టుకుని లోపలికి నడిచాడు. నా బిడ్డ నవ్వడం మానేసింది.

లోపల మా గుంపుకు ఒక గైడు. నా వయసు మనిషి, చొక్కాకు చిన్న మైకు తగిలించుకున్నాడు. దొర వేటాడిన పులి, దొరసాని ఊగిన ఉయ్యాల, ఒక్కొక్కటీ చూపిస్తూ వచ్చాడు. "ఆకలని వచ్చినోళ్లకు దొర లేదనకుండ అన్నం పెట్టిండు" అంటే, నా పక్కనున్న ఆవిడ చేతులు జోడించింది. ఆ అన్నానికి వడ్లు దంచింది ఎవరో, కట్టెలు మోసింది ఎవరో అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. బాపు దగ్గు చూసి మింగేశాను.

వెనక వాకిట్లో పాతర ఉంది. పైన ఇనుప జాలి, లోపల నీలం రంగు లైటు. ఎవరో మొదలుపెట్టినట్టున్నారు, కోరికలు కోరుకుని అందులో చిల్లర వేస్తున్నారు. గైడు గొంతు మార్చాడు.

"గిప్పుడు మన గడీల అందరు అడిగి మరీ వినే కథ. దొర బిడ్డ పెండ్లి దగ్గరపడ్డది. ధాన్యం జల్ది కావాలె. పాతర తెరిసిండ్రు. పాతర తీసెటాయన కందిలి దింపిండు, ఆరిపోయింది. రేపటిదాంక ఆగాలె దొరా, అన్నడు. దొరకు కోపమొచ్చింది. నాకు చెప్పెటంతటోనివైనవా, కందిలి పట్టుకోని నువ్వే దిగు, అన్నడు. దిగిండు. ఇగ రాలే. తియ్యనీకె ఎవ్వరు దిగలే. పెండ్లి ఇంట్ల శవం లేస్తే అపశకునమని, అట్లనే మన్ను పోసి మూసిండ్రు. ఆయన పారిపోయిండని ఊర్ల చెప్పిచ్చిండ్రు. గడీల వంట చేసిన ముసలామె సచ్చేముంగట చెప్పింది గిదంతా. ఇప్పటికీ అమాస నాడు గిందులకెల్లి వెలుగు కనపడ్తదట!"

పిల్లలు కేక పెట్టారు. పెద్దవాళ్లు నవ్వారు. నాకు బాపు వైపు చూడడానికి ధైర్యం చాలలేదు. నా బిడ్డ ఫోన్ దించేసి నా చెయ్యి పట్టుకుంది.

"మన్ను తీసిండ్రా?" బాపు గొంతే అది.

"రిపేర్లప్పుడు తీసిండ్రు తాత. మనిషి బొక్కలు ఎల్లినయి. అవి వాగుల కలిపిండ్రు. కందిలి మాత్రం లోపల అద్దాల పెట్టెల పెట్టినం, రాండ్రి చూపిస్త."

అద్దాల పెట్టెలో కత్తులూ వెండి గిన్నెలూ. వాటి పక్కన తుప్పు తిన్న కందిలి. గాజు బుడ్డి లేదు. పైన పట్టుకునే చోట ఇత్తడి కడియం, రాగి తీగె చుట్టి. కింద అచ్చువేసిన కార్డు మీద "దొరల కాలం నాటి దీపం" అని ఉంది. దొరల దీపమట! నాకు ఒళ్లు తెలియలేదు. మేనేజరును పిలిపించి అరిచాను, ఆ కార్డు చింపమన్నాను, ఇది మా ఇంటి కందిలి, మా నాయినమ్మ చేతి కడియం అన్నాను. చూడ్డానికి వచ్చినవాళ్లు ఇప్పుడు నన్ను చూశారు. మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. "మేడం, ప్రూఫ్ ఏమన్న ఉందా?" అన్నాడు. కడియం పోయిందని గులిగిన ముసలామె కాలి బూడిదయ్యి ఇరవై ఏళ్లు దాటింది. నేనేం ప్రూఫ్ తెస్తాను?

బాపు అరవలేదు. "ఒక్కసారి ముట్టుకుంట, అద్దం తియ్యుండ్రి" అన్నాడు. అది కూడా కుదరదన్నారు. కావాలంటే దాని పక్కన నిలబెట్టి ఫోటో తీస్తామన్నారు. బాపు ఒక చేతిలో చెప్పులు పట్టుకుని, రెండో చెయ్యి అద్దం మీద పెట్టి కాసేపు నిలబడ్డాడు. గైడు మైకు ఆపేసి మా దగ్గరికి వచ్చాడు.

"నాకు తెల్వదు తాత. తెలిస్తే గట్ల నవ్వుకుంట చెప్పకపోతుంటి. ఆయన పేరు ఏంది?"

బాపు అద్దం మీంచి చెయ్యి తీసి, పేరు చెప్పకుండానే వాకిలి వైపు నడిచాడు.

తిరుగుదారిలో ఆటో వెనక సీట్లో నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. బాపు ఏడవగా చూడడం నాకదే మొదలు. "తిట్టిన బిడ్డా. ఆగుమని చెప్పి సచ్చినోణ్ణి, గిన్నేండ్లు లంగ, దొంగ అని తిట్టిన. అవ్వ కందిలి అన్నప్పుడల్లా నోర్ముయ్యమన్న" అన్నాడు. నాకు జడ అల్లుతున్న నాయినమ్మ చేతులే గుర్తొస్తున్నాయి. ఆ గడీ అబద్ధం వల్ల ఆమె గాజులు పగలలేదు, బొట్టు చెరగలేదు. అందుకు ఎవరికి దండం పెట్టాలో నాకు తెలియలేదు.

నాలుగు రోజులకే పెత్రమాస వచ్చింది. ఆర్మూర్‌లో ఆ రోజు ఆడవాళ్లు బతుకమ్మకు పూలు కోసుకొస్తుంటే, మగవాళ్లు పెద్దలకు బియ్యం ఇవ్వడానికి పోతారు. బాపు తెల్లవారకముందే తానం చేసి, తువ్వాలలో బియ్యం, పప్పు, గుమ్మడికాయ ముక్క, చింతపండు సర్దుకున్నాడు. దగ్గు ఎక్కువగా ఉందని నేనూ వెంట వెళ్లాను. గుడి అరుగు మీద అయ్యగారు కూర్చున్నారు. ముందు పది మంది ఉన్నారు. మా వంతు వచ్చింది. బాపు ముత్తాత పేరు చెప్పాడు, తాత పేరు చెప్పాడు, తల్లి పేరు చెప్పాడు. తర్వాత గొంతు సవరించుకుని ఇంకొక పేరు చెప్పాడు. నేను పుట్టిన ఇన్నేళ్లకు ఆయన నోట ఆ పేరు విన్నాను.

అయ్యగారు తలెత్తారు. ఏటా వచ్చే మనిషి కాబట్టి పేర్లన్నీ తెలుసు.

"ఇది కొత్త పేరు గదా. ఎవరు?"

"మా నాయిన."

"ఎప్పుడు పోయిండు?"

బాపు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. వెనకున్నవాళ్లు విసుక్కున్నారు.

"మొన్న అయితారం తెలిసింది" అన్నాడు.

అయ్యగారు చేయి వెనక్కి తీసుకున్నారు. "తండ్రి పోయిన కబురు ఎప్పుడు తెలిస్తే అప్పటి సంది పది దినాలు మైల. మైలల బియ్యం ఇయ్యొద్దు, గుళ్లెకు రావొద్దు. తెల్వదా? ఇంటికి పో" అన్నారు.

నాకు కోపం ముంచుకొచ్చింది. ఇంత జరిగాక ఇక్కడ కూడా గెంటేస్తారా అని నోరు తెరవబోయాను. బాపు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. తువ్వాల మళ్లీ ముడివేసుకుని గుడి మెట్లు దిగాడు. దారిలో ఎదురైన హమాలీ దోస్తు పలకరించబోతే, "ముట్టుకోకు, మైల" అని దూరం జరిగాడు.

ఇంటికొచ్చాం. లోపలికి రాలేదు. గడప బయటే చెప్పులు విడిచి, తువ్వాల పక్కన పెట్టి, నేల మీద కూర్చున్నాడు.

"బిడ్డా, నీళ్లు తోడు. తలమీదికెల్లి తానం చేయాలె" అన్నాడు. "మా నాయిన సచ్చిపోయిండు."