సముద్రం అడుగున నా సంతకం

నిన్న కలెక్టరుగారు మెడ వంచి, తల వాల్చి మరీ నా పేరు చదివారు! ఎందుకో చెబుతాను, ముందు టీ తాగండి.

నాటకాల తెరలు వేసేవాణ్ణి కదా నేను. విజయనగరం చుట్టుపక్కల ఎక్కడ నాటకమాడినా వెనక వేలాడేది నా కొండలే. అలాంటి నన్ను వెతుక్కుంటూ ఓ సైంటిస్టుగారు వచ్చారు. ఓడలోంచి కిందికి చప్పుడు పంపి, అది అడుగున తగిలి ఎంతసేపట్లో తిరిగొస్తుందో చూసి లోతు కడతారట! లోకమంతా చంద్రుడివైపు చూస్తుంటే ఈయన సముద్రం అడుక్కి చూస్తున్నారు. ఎవరి కంటా పడని కొండల్ని చెవులతో కనిపెట్టిన మనిషి! దండం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా.

"ఈ అంకెలు జనానికేం అర్థమవుతాయి మాష్టారూ? బొమ్మ వెయ్యండి. మా ఏళ్ల కష్టం మీ చేతిలో ఉంది," అన్నారు.

నెల్లాళ్లు నా పక్కనే నేలమీద కూర్చుని అంకెలు చదివారు. నేల మీద పరిచిన గుడ్డ చుట్టూ తిరుగుతూ నేను కొండలు వేశాను. ఊళ్ల పేర్లూ దిక్కులూ చివర్లో రాద్దామన్నారు. నేను మాత్రం ఆగలేక మూలన ఇంతింత అక్షరాలతో సంతకం పెట్టేశాను!

నిన్న పొద్దున్న పొందూరు పంచె కట్టుకుని వెళ్లాను. కాలేజీ హాల్లో ప్రదర్శనకి తెర కట్టాం. సైంటిస్టుగారు దూరం జరిగి చూశారు. మొహం పాలిపోయింది.

"మాష్టారూ, కొండలేవండీ? అన్నీ గోతుల్లా ఉన్నాయేం!"

నిజమే! లోయ ఉండాల్సిన చోట గట్టు!

అప్పుడు వెలిగింది నాకు. స్టేజీ మీద పెట్రోమాక్సులు కింద పెడతారు కదా! పాతికేళ్ల అలవాటు, ప్రతి కొండకీ కింద వెలుగు, పైన నీడ వేసేశాను. వెలుగు పైనుంచే పడుతుందనుకునే కంటికి అది గొయ్యే మరి! నాటకం తెరమీదైతే చెట్లూ గుడీ ఉంటాయి, కొండ కొండలాగే ఉంటుంది. ఇక్కడ అవేం లేవాయె! కలెక్టరుగారు వచ్చేది పదింటికి. అప్పుడు తొమ్మిదిన్నర. ఆయన ఏళ్ల కష్టం నా అలవాటు పాలైందే అని ఏడుపొచ్చింది.

తెర దించమంటే, కట్టడానికి నాతో వచ్చిన మా బావమరిది కంగారులో దాన్ని కింది అంచు పైకొచ్చేలా తిప్పి ఎత్తేశాడు.

"ఏటిరా సేస్తన్నావు?"

"బావా, ఇటు సూడు! నీ గోతులన్నీ కొండలైపోనాయి!"

సైంటిస్టుగారు పగలబడి నవ్వారు. ఒక్క మాట తిట్టలేదు, మహానుభావుడు! "అలాగే కట్టెయ్యండి," అని, పటాల్లో పైనుండే 'ఉత్తరం' అన్న మాటని కింది అంచున తన చేత్తోనే రాసేశారు. కలెక్టరుగారు రాగానే నన్ను ముందుకి లాగి, "ఇదంతా ఈయన పనితనమండీ," అన్నారు.

సంతకం తుడిచే టైమేదీ? కలెక్టరుగారు తల వాల్చి చదివి, "మీ పేరు ఇలా ఉందేమిటండీ?" అన్నారు.

"సముద్రం సరిగ్గానే ఉందండీ," అన్నాను. "తలకిందులైంది నేనొక్కణ్ణే!"