వెళ్ళొస్తా

మా పక్క వాటాలో ఉండే లిఫ్టు మెకానిక్ ఇంట్లో ఒకటే కుర్చీ. రెండోదాని అవసరం ఎప్పుడూ రాలేదంటాడు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు ఫోన్ చేసి "అన్నా, నువ్వే దిక్కు" అంటారు, బయటపడ్డాక వెనక్కి తిరిగైనా చూడరు.

ఆయన చేతులకెప్పుడూ గ్రీజే. ఫోన్ ముట్టుకోలేక విసిగి, ఏదో ఆఫీసు పారేసిన పాత కంప్యూటర్ తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టి, అందులో ఏఐని ఎక్కించుకున్నాడు. నెలనెలా ఎవడికో కప్పం కట్టడం ఆయనకు గిట్టదు. దానికి గుమాస్తా అని పేరు పెట్టాడు. మెసేజీలకు అదే జవాబిస్తుంది, ముఖ్యమైనవి పొద్దున టీ తాగేటప్పుడు చదివి వినిపిస్తుంది. చవక సరుకు కదా, బుర్ర చిన్నది. ఒక మాట అడిగితే టీ చల్లారేదాకా ఆలోచిస్తుంది.

పనికి సంబంధించిన మెసేజీలకైతే సరే. వాళ్ళక్కకు కూడా అదే జవాబిస్తోందని తెలిసి నాకు ఒళ్ళు మండింది. అమ్మ పోయాక ఈయన్ని చంకనేసుకుని పెంచిందావిడ. దూరాన వేరే ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. రోజూ మధ్యాహ్నం "తిన్నావా?" అని పంపుతుంది. "తిన్నానక్కా, నువ్వు?" అంటుంది గుమాస్తా.

"రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. మధ్యలో నేనెందుకండీ? అక్క కబుర్లు నాకు చదవొద్దు, పనేదైనా ఉంటేనే చెప్పమన్నాను" అన్నాడు.

"ఆవిడ అడిగేది అన్నం గురించి కాదు మహానుభావా" అన్నాను. నవ్వేసి పనికి వెళ్ళిపోయాడు.

శనివారం పొద్దున తలుపు కొట్టాడు. మొహం వెలిగిపోతోంది.

"ఒక కుర్చీ ఇస్తారా? రేపు అక్క వస్తోందట. గుమాస్తా చెప్పింది."

"ఎన్నింటికట?"

"ఫోన్ చేశాను, ఎత్తలేదు. ప్రయాణం హడావుడిలో ఉన్నట్టుంది."

ఆదివారం ఇల్లు కడిగాడు, కొత్త దుప్పటి పరిచాడు, ఇద్దరికీ వండాడు. మధ్యాహ్నం దాటిపోయింది. సాయంత్రం నేను వెళ్ళేసరికి గిన్నెల మీద మూతలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. నా ఖాళీ కుర్చీకి ఎదురుగా తన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన ఒంటరితనం నాకు కొత్త కాదు, కానీ ఆ రెండో కుర్చీ పక్కన దాన్ని చూడలేకపోయాను.

"అసలు ఆ మెసేజ్ మీరు చదివారా?" అన్నాను.

ఫోన్ తీసి చదివాడు. "రేపు పొద్దున్నే లోపలికి తీసుకెళ్తారట. భయంగా ఉందిరా. వెళ్ళొస్తా. ఆదివారం మాట్లాడుకుందాం."

పైకి జరిపితే కడుపులో నొప్పని, డాక్టరు ఆపరేషన్ తప్పదన్నాడని, అన్నీ ఉన్నాయి. ప్రతిదాని కిందా "జాగ్రత్త అక్కా" అని గుమాస్తా జవాబు.

గుమ్మం దిగేటప్పుడు ఉత్తినే వెళ్తున్నా అనడానికి మనకు నోరు రాదు, తిరిగి రావడాన్ని కూడా కలిపి చెబుతాం. ఆ ముక్క ఫ్రిజ్ మీది డబ్బాకేం తెలుసు? వెళ్ళడాన్ని వదిలేసి రావడాన్ని పట్టుకుంది, దానికి ఆదివారాన్ని అతికించింది. పైగా జవాబు కూడా పంపింది: "తప్పకుండా రా అక్కా. నీకోసం ఎదురుచూస్తుంటాను."

ఆయన అక్క నంబరు వెతికేలోపే ఫోన్ మోగింది. స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టేశాడు.

"నిన్ననే అయిపోయిందిరా ఆపరేషన్. బాగానే ఉన్నాను." గొంతు నీరసంగా ఉంది. "నీ మాట చదువుకునే లోపలికెళ్ళాను. తప్పకుండా రా అన్నావు చూడు! నువ్వలా మాట్లాడి ఎన్నాళ్ళయిందిరా."

ఆయన ఫోన్‌ని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. గుమాస్తా మీద అప్పటిదాకా ఉన్న నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఆ మాట ఈయన అని ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

"ఏరా, వింటున్నావా? తిన్నావా?"

మూత తీయని గిన్నెల వంక చూశాడు.

"లేదక్కా" అన్నాడు. "ఇంకా తినలేదు."

"అదేంట్రా, ఎప్పుడడిగినా తిన్నాననే అంటావుగా!"