అద్దాన్ని చేత్తో తుడవకూడదు

అందరూ ఎలా ఉన్నారు? పెద్దవాళ్ళ మోకాళ్ళు ఈ చలికి ఎలా ఉన్నాయి? షుగరు ఉన్నవాళ్ళు వేళకి తింటున్నారా? పిల్లల దగ్గులు తగ్గాయా? పొద్దున్నే పొగమంచులో డ్రైవ్ చేసుకుంటూ పనులకి వెళ్ళేవాళ్ళు లైట్లు వేసుకునే వెళ్తున్నారు కదా? మా రోటోటూనాలో ఈ నెలంతా మంచే. మా అబ్బాయి ఆఫీసుకి చేరానని మెసేజ్ పెట్టేదాకా నాకు కాఫీ గొంతు దిగదు. మా కోడలి నడుం నొప్పి కాస్త నయం. మా పక్కింటి వదినగారు పెడితే తింటున్నారు, పడుకుంటున్నారు, అడిగినదానికి జవాబు చెబుతున్నారు. పక్కింటి అన్నయ్యగారు ఎలా ఉన్నారని మాత్రం ఇక ఎవరూ అడగక్కర్లేదు. ఆయన పోయారు.

ఆ పొద్దున మంచు విడిచాక నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. వదినగారు ఫెన్సు దగ్గరికి వచ్చి, "వదినా, ఆయన లేవట్లేదు" అన్నారు. అంతే అన్నారు. నేను చేతిలో ఉన్న తువ్వాలు తీగ మీద వేసి, రెండు పక్కలా క్లిప్పులు పెట్టి, అప్పుడు వెళ్ళాను. క్లిప్పులు ఎందుకు పెట్టానో నాకు తెలియదు. అంబులెన్సు వాళ్ళు వచ్చారు, చూశారు, గుండె అన్నారు. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. అదొక దిగులుగా ఉంది.

నాకు పెద్ద చదువు లేదు. సంఘం పత్రికకి ఆయన గురించి నాలుగు ముక్కలు రాయమని వదినగారే అడిగారు. "గొప్పలు రాయకు వదినా, ఆయన నవ్వుతారు" అన్నారు. అందుకని కారు గురించి రాస్తున్నాను.

ఆయన నన్ను చెల్లెమ్మా అనేవారు. వయసుకి నేనే పెద్ద. ఆ లెక్క ఎవరమూ తీయలేదు. కంప్యూటర్ ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. శనివారం వచ్చిందంటే లుంగీ మోకాళ్ళ పైకి కట్టి, కాళ్ళకి రబ్బరు గంబూట్లు వేసుకుని, కారుని ఇంటి ముందు గడ్డి మీదికి తెచ్చేవారు. ఎదురింటి కివీ, ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, కుక్కని తిప్పుతూ ఆ వేషం చూసి బొటనవేలు పైకెత్తి వెళ్ళేవాడు.

"గడ్డి మీదెందుకు అన్నయ్యగారూ, బురదవుతుంది, జారతారు" అనేదాన్ని.

"సిమెంటు మీద కడిగితే సబ్బునీళ్ళు కాలవలో పడి తిన్నగా వాగులోకి పోతాయి చెల్లెమ్మా. గడ్డైతే తాగేస్తుంది. జారితే నువ్వున్నావుగా, ముందే భయపడి పెట్టావు."

రెండు బకెట్లు పెట్టుకునేవారు. ఒకదాంట్లో సబ్బునీళ్ళు, ఒకదాంట్లో మంచినీళ్ళు. గుడ్డని ముందు మంచినీళ్ళలో జాడించి, మట్టి వదిలాకే సబ్బులో ముంచేవారు. పైకప్పు నుంచి మొదలుపెట్టి కిందికి వచ్చేవారు. చక్రాలకి వేరే గుడ్డ. అంట్లు తోమే సబ్బు వాడితే రంగు మీద మెరుపు పోతుందని దాన్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. గుడ్డ కింద పడితే మళ్ళీ ముట్టుకునేవారు కాదు. దానికి ఇసుక అంటుకుంటుందట, ఎంత జాడించినా ఒక రేణువు ఉండి గీత పెడుతుందట. "కింద పడ్డ గుడ్డ పరాయిది" అనేవారు. పక్షి రెట్ట ఉంటే గీకకుండా తడిగుడ్డ కప్పి, లోపలికి వెళ్ళి టీ తాగి వచ్చేవారు. అప్పటికి అది దానంతటదే వదిలేది.

మా అబ్బాయి తెల్ల కారు కొన్నప్పుడు గుడి ముందు పూజ చేయించాం. బానెట్ మీద పసుపు కుంకుమలు తడిపి స్వస్తిక్ వేశాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. దేవుడి బొట్టు ఎవరు తుడుస్తారు? దానంతటదే పోవాలంటాం కదా. అది ఎండకి ఎండి, మంచుకి తడిసి, మళ్ళీ ఎండింది. చివరికి వాన వచ్చి కొట్టుకుపోతే కింద గులాబీ రంగు మిగిలింది. మా అబ్బాయి వంటింట్లో పచ్చ స్క్రబ్బర్ తీసుకెళ్ళి బలమంతా పెట్టి రుద్దాడు. కుంకుమ పోలేదు. గీతలు వచ్చాయి.

అన్నయ్యగారు ఫెన్సు మీంచి చూశారు. "ఏం నాయనా, కారుకి గోరింటాకు పెట్టావా?"

మా అబ్బాయి మొహం మాడ్చుకున్నాడు. "పూజ చేయించింది మీ చెల్లెమ్మే అంకుల్."

"పూజ బాగానే ఉంది. స్క్రబ్బరే అమ్మవారికి నచ్చలేదు."

ఆయన పాలిష్ తెచ్చి, మెత్తటి గుడ్డకి కొంచెం రాసుకుని, చిన్న చిన్న సున్నాలు చుడుతూ ఆ గీతల మీద రుద్దారు. ఒక్కరోజులో అవలేదు, తర్వాతి శనివారం కూడా వచ్చారు. వెళ్ళేటప్పుడు నాతో, "ఇంకోసారి బొట్టు అద్దానికి పెట్టు చెల్లెమ్మా. దేవుడికీ కనపడుతుంది, తుడిస్తే పోతుంది" అన్నారు. అప్పట్నుంచి మా వీధిలో మనవాళ్ళు ఎవరు కారు కొన్నా బొట్టు అద్దానికే.

భజనకి వెళ్తుంటే సాంబారు గిన్నె డిక్కీలో ఒలికిన రోజు కూడా ఆయన్నే పిలిచాం. రుద్దనివ్వలేదు. పొడిగుడ్డతో అద్ది అద్ది తీయించారు. వంట సోడా చల్లించి మర్నాడు వాక్యూమ్ పట్టించారు. వాసన పోయింది, పసుపు మరక ఉండిపోయింది. డిక్కీ తలుపు తెరిచి ఎండ తగిలేలా పెట్టమన్నారు. "పసుపుకి ఎండంటే భయం, నీకు అన్నిటికీ భయమైనట్టు" అన్నారు. నాలుగు ఎండలకి మరక వెలిసిపోయింది. నా భయం సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు.

అన్నిటికంటే గట్టిగా చెప్పే మాట అద్దం గురించి. ముందరి అద్దాన్ని లోపల నిలువుగా, బయట అడ్డంగా తుడవాలి. చార మిగిలితే ఏ వైపుదో తెలిసిపోతుంది. మంచు రోజుల్లో లోపల ఆవిరి పడితే ఏసీ వేసి ఆగాలి తప్ప చేత్తో తుడవకూడదు. అరచేతిలో జిడ్డు ఉంటుంది, అప్పటికి కనపడదు, ఎదురెండ పడినప్పుడు దారి కనపడకుండా చేస్తుంది. ఒకసారి మా అబ్బాయి ఆఫీసుకి ఆలస్యమైందని చేత్తో రాసేస్తుంటే ఆయన కిటికీ కొట్టి ఆపారు. "ఆ కాస్త ఆగలేవా నాయనా? మీ అమ్మ ఇంట్లో కాఫీ తాగకుండా కూర్చుంటుంది." నేను అప్పటిదాకా కాఫీ తాగనని ఆయనకి ఎలా తెలుసో నాకు తెలియదు.

ఇప్పుడు వదినగారు న్యూ లిన్‌లో కూతురి దగ్గరికి వెళ్తున్నారు. అది అపార్ట్‌మెంటు, ఒక్క కారుకే చోటు. వదినగారికి డ్రైవింగ్ రాదు. కారు అమ్మేయక తప్పదు. మనురేవా నుంచి నర్సు పని చేసే మనవాళ్ళమ్మాయి, ఆమె భర్త చూడ్డానికి వస్తామన్నారు. ఆయన పోయిన దగ్గర్నుంచి కారు బయటే ఉంది. దుమ్ము పట్టింది, రెట్టలు పడ్డాయి.

"ఇలా చూపిస్తే ఆయన పరువేం కాను వదినా" అన్నారు వదినగారు.

నిన్న ఇద్దరం కడిగాం. మా అబ్బాయి కారుని గడ్డి మీదికి తెచ్చిపెట్టి వెళ్ళాడు. రెండు బకెట్లు, పైనుంచి కిందికి, చక్రాలకి వేరే గుడ్డ. ఒక గుడ్డ నా చేతిలోంచి జారింది. ఇద్దరం దాన్ని చూసి, అక్కడే వదిలేశాం. వదినగారికి చలి చేస్తుందేమో, పడిశం పడుతుందేమో అని నేను చూస్తూనే ఉన్నాను. ముందరి అద్దం లోపలివైపు శుభ్రంగానే కనపడింది, ఆఖరికి చూద్దాంలే అని ఉంచాం.

సాయంత్రం కావస్తుంటే మా అబ్బాయి వచ్చి కారుని తీసుకెళ్ళి వాళ్ళ వాకిట్లో, ఎప్పుడూ ఉండే చోట పెట్టాడు. వదినగారు కూర్చోవాలన్నారు. తన సీట్లో తను కూర్చున్నారు. నేను వెనక కూర్చున్నాను. డ్రైవర్ సీటు ఖాళీగా ఉంది. ఆ వాకిలి పడమటి వైపుకి ఉంటుంది. ఎండ వాలి తిన్నగా అద్దం మీద పడింది. అప్పుడు కనపడింది. డ్రైవర్ వైపు, కళ్ళ ఎత్తున, అరచెయ్యి వేసి ఇటు నుంచి అటు తుడిచిన వంపు. చివర వేళ్ళ గీతలు.

"వదినా, ఇది ఆయన చెయ్యేనా?" అన్నాను.

"ఇంకెవరిది? నేను తిట్టేదాన్ని. లోకానికంతా చెప్తారు, మీరే చేస్తారు అని. ఎవరూ చూడట్లేదులే అనేవారు."

గుడ్డ నా ఒళ్ళోనే ఉంది. వచ్చేవాళ్ళు అది చూస్తే ఏమనుకుంటారో, ఇంత శ్రద్ధగల మనిషి కారు ఇదా అంటారేమో, ఆయనకి మాట వస్తుందేమో అనిపించింది. ఆ మాటే అన్నాను. తుడవమన్నా తుడుస్తాను, వద్దన్నా మానేస్తాను అన్నాను.

ఎండ ఇంకొంచెం కిందికి దిగింది. వేళ్ళు ఇంకా స్పష్టంగా కనపడ్డాయి. తర్వాత ఎండ ఫెన్సు వెనక్కి పోయింది. అద్దం మీద ఏమీ లేదు.

"పట్టుకెళ్ళాక వాళ్ళు తుడుచుకుంటే వాళ్ళిష్టం" అన్నారు వదినగారు. "మన చేత్తో మనం తుడవద్దు."

వాళ్ళు ఆదివారం సాయంత్రం నాలుగింటికి వస్తామని చెప్పి ఉన్నారు. వదినగారు అక్కడే కూర్చుని ఫోన్ చేశారు. సాయంత్రం చలి, మధ్యాహ్నమైతే భోంచేసి వెళ్ళొచ్చు అని చెప్పారు. పప్పు నేను చేస్తానన్నాను. ఆ వేళకి ఎండ అద్దం మీదికి రాదు.

ఆదివారం పన్నెండింటికి వస్తున్నారు.