మళ్ళీ మొదటినుంచి బాబాయ్

బాబాయ్‌కి ప్రార్థన మొదలుపెట్టడం బాగా వచ్చు, ముగించడమే రాదు. అలాగని గంటలకొద్దీ ప్రార్థించే భక్తుడనుకునేరు. ఆయన చేసేది నాలుగు మాటల ప్రార్థనే. కాకపోతే మధ్యలో మనసు రవ్వంత పక్కకు పోయిందా, అక్కడితో ఆగిపోతాడు. అది ఎక్కడికి పోయిందో ఏమీ దాచుకోకుండా దేవుడికి పైకే చెప్పేస్తాడు, క్షమించమంటాడు, గొంతు సవరించుకుని మళ్ళీ మొదటి మాట నుంచి అందుకుంటాడు. అందుకే చర్చిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన ‘మళ్ళీ మొదటినుంచి బాబాయ్’. ఆ పేరుతో పిలవనిది కట్టుకున్న భార్యా, కన్నకూతురూ మాత్రమే.

బాబాయ్ ప్లంబరు. ఇంటిల్లిపాదీ నిద్రపోతున్నా గోడ అవతల కారే కొళాయి ఆయన చెవిన పడుతుంది. కూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో కళ్ళు పరీక్ష చేస్తుంది. “ఈ అద్దంతో బాగుందా, ఆ అద్దంతోనా?” అని రోజంతా అడిగి అడిగి ఎందరి చూపునో సరిచేసింది గానీ, ఇంట్లో తండ్రి మనసు ఒక్కచోట నిలిచే అద్దం మాత్రం ఆమెకు దొరకలేదు.

కొత్తగా వచ్చిన పాస్టరు గారికి ఈ సంగతి తెలియదు. మొదటి ఆదివారమే ఆరాధన చివర చిరునవ్వుతో “బాబాయ్ గారూ, ముగింపు ప్రార్థన మీరు చేయండి” అనేశారు. బ్యాగులు సర్దుకుని నిలబడ్డవాళ్ళంతా మెల్లగా మళ్ళీ కూర్చున్నారు.

“కృపగల తండ్రీ, ఈ ఉదయాన్ని ఇచ్చినందుకు నీకు స్తోత్రాలు. మా సంఘాన్ని... క్షమించు తండ్రీ. నా మనసు పాస్టరు గారి పెరట్లో కొళాయి మీదకు పోయింది. వాషరు అరిగిపోయింది ప్రభువా. పాస్టరమ్మ గారు దానికి గుడ్డ కట్టారు. గుడ్డకి ఆగుతుందా అది? మళ్ళీ మొదటినుంచి. కృపగల తండ్రీ, ఈ ఉదయాన్ని ఇచ్చినందుకు...”

రెండోసారి ఆయన మనసు కీబోర్డు వాయించే ఆయన స్టూలు మీదకు పోయింది. దాని కాలు ఊగుతోందట, పాపం ఆయన సగం పాట ఒక చేత్తో స్టూలు పట్టుకునే వాయించాడట. మూడోసారి అందుకునేసరికి చంటిపిల్లలు నిద్రలేచారు. చివరికి ఆమెన్ వచ్చినప్పుడు అది మామూలు ఆమెన్ కాదు, చర్చి మొత్తం ఒక్క గొంతుతో ఊపిరి పీల్చుకుంది. కూతురు మాత్రం పాటల పుస్తకంలో మొహం దాచుకుంది.

పాస్టరు గారు సాయంత్రం ఇంటికే వచ్చారు.

“బాబాయ్ గారూ, మనసన్నాక పక్కకు పోతుంది. లోపల్లోపలే సర్దుకుని ముందుకు సాగిపోవచ్చు కదా?”

“అదెలాగండీ? ఇప్పుడు మీతో మాట్లాడుతూ మధ్యలో మొహం తిప్పుకుని వీధిలోకి చూశాననుకోండి. ‘తప్పయిందండీ, మళ్ళీ చెప్తాను’ అనొద్దా? మీకే అంత మర్యాద ఇచ్చినప్పుడు ఆయనకెంత ఇవ్వాలి? చూపు ప్రభువు మీదే ఉండాలని పొద్దున మీరే అన్నారు.”

పాస్టరు గారు ఏదో అనబోయారు. అంతలో పొద్దుటి ప్రార్థన సాగుతున్నంతసేపూ తన మనసు ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో గుర్తొచ్చి, వాతావరణం సంగతి ఎత్తుకున్నారు.

పాపం, మనసు నిలపడానికి బాబాయ్ పడని పాటు లేదు. చెవుల్లో దూది పెట్టుకున్నాడు. గోడకు అభిముఖంగా కూర్చుంటే గోడలో చెమ్మ కనిపించింది. చివరికి మేడ మీద ఖాళీగా పడి ఉన్న పెద్ద ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకులోకి దిగి ప్రార్థించడం మొదలుపెట్టాడు. లోపల చీకటి, చూడ్డానికేమీ లేదు, మనసు ఇంకెక్కడికి పోతుందని ఆయన లెక్క. ట్యాంకులో మాట్లాడితే గొంతు వీధంతా మోగుతుందని మాత్రం ఆయనకు తట్టలేదు.

“క్షమించు తండ్రీ,” అని ఆకాశంలోంచి గంభీరంగా వినిపించేసరికి కింద సాయంత్రం పాల ప్యాకెట్లు వేసే ఆయన సైకిలు దిగి టోపీ తీశాడు. “నా మనసు ఎదురింటి టీచరమ్మ గారి మెట్లు ఎక్కి దిగుతోంది. ఆవిడ మోటారు కాలిపోయింది. ఆ వయసులో బకెట్లతో నీళ్ళు మోస్తున్నారు, ఎవరికీ చెప్పడం లేదు.” ఎదురింటి కిటికీ టపీమని మూసుకుంది. “మళ్ళీ మొదటినుంచి. కృపగల తండ్రీ... క్షమించు తండ్రీ, ఈ ట్యాంకు అడుగున సన్నని పగులుంది. ఒసేయ్, కాస్త ఆ అతుకు ట్యూబు అందుకో.” ఆ చివరి మాట దేవుడితో కాదు, పెరట్లో ఉన్న భార్యతో.

అప్పుడే దుకాణం నుంచి వస్తున్న కూతురు వీధి మలుపు నుంచే వెనక్కి తిరిగి, అవసరం లేకపోయినా రెండు వీధులు చుట్టి వచ్చింది.

“మీ నాన్న సంగతి నాకు పెళ్ళయిన రోజే తెలిసింది,” అనేది వాళ్ళమ్మ. “ఆయన రెండోసారి మొదలుపెట్టాకే నేను పొయ్యి వెలిగిస్తాను. అన్నీ వేడివేడిగా ఉంటాయి.”

ఇంతవరకూ నవ్వులాటే. కానీ దుకాణానికి కళ్ళజోళ్ళ ఫ్రేములు తెచ్చే అబ్బాయి, కూతురు ఒకరినొకరు ఇష్టపడ్డాక వ్యవహారం నవ్వులాటగా లేదు. అబ్బాయి తండ్రి రిటైరైన స్టేషన్ మాస్టరు. అన్నీ గడియారం ప్రకారం జరగాలి ఆయనకు. ఇల్లూ మనుషులూ చూసుకుని, నచ్చితేనే మాట ఇస్తానన్నాడు. ఈ పెళ్ళి తప్పిపోతే మరొకరిని తలుచుకోవడం తన వల్ల కాదని కూతురికి తెలుసు. వాళ్ళు భోజనానికి వస్తున్న రోజు పొద్దున్నే తండ్రి దగ్గర కూర్చుంది.

“నాన్నా, ఇవాళ అమ్మ ప్రార్థన చేస్తుంది. నువ్వు కళ్ళు మూసుకుని ఊరుకో. నాకోసం.”

“అలాగేనమ్మా,” అన్నాడు బాబాయ్ తల వంచుకుని. “నాకూ భయంగానే ఉంది.”

అబ్బాయి, అతని తల్లిదండ్రులు వచ్చారు, చేతులు కడుక్కున్నారు, బల్ల చుట్టూ కూర్చున్నారు. బాబాయ్ భార్య కళ్ళు మూసుకోబోతుంటే స్టేషన్ మాస్టరు చేయెత్తాడు.

“ఇంటి పెద్ద ఉండగా మీరెందుకమ్మా? బావగారే చేయాలి.”

బాబాయ్ కూతురి వైపు దీనంగా చూసి మొదలుపెట్టాడు.

“కృపగల తండ్రీ, ఈ భోజనాన్ని ఇచ్చినందుకు నీకు స్తోత్రాలు. మా ఇంటికి వచ్చిన...” ఆగాడు. కూతురు బల్ల కింద ఆయన కాలు తొక్కింది. లాభం లేకపోయింది. “క్షమించు తండ్రీ. నా మనసు బావగారి గడియారం మీదకు పోయింది. ఇంత చప్పుడు చేసే గడియారం నేనెక్కడా చూడలేదు. మళ్ళీ మొదటినుంచి.”

అబ్బాయికి నవ్వాగక పొరబోయింది. స్టేషన్ మాస్టరు ఒక కన్ను తెరిచి గడియారం వంక చూసుకున్నాడు.

“కృపగల తండ్రీ, ఈ భోజనాన్ని... క్షమించు తండ్రీ. ఈసారి చెల్లెమ్మ గారి చేతుల మీదకు పోయింది. ఇందాక చన్నీళ్ళు తగలగానే ఉలిక్కిపడి వేళ్ళు ముడుచుకున్నారు. కణుపులు వాచి ఉన్నాయి. ఇంట్లో వేడినీళ్ళు రావడం లేదేమో ప్రభువా.”



“నీ చేతులు నొప్పా?” అన్నాడు స్టేషన్ మాస్టరు భార్యతో. “నాకెప్పుడూ చెప్పలేదే.”

“గీజరు పాడైందని చెప్పాను. మీరు అప్పుడు టైము చూసుకుంటున్నారు,” అందావిడ తల వంచుకునే.

తర్వాత భోజనాలు తొందరగానే ముగిశాయి. స్టేషన్ మాస్టరు “మళ్ళీ కబురు చేస్తాం” అని లేచాడు. ఆ మాటకి అర్థం ఏ ఇంట్లోనైనా ఒకటే. కూతురు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. బాబాయ్ తలుపు బయటే నిలబడ్డాడు.

“నా వల్లే పాడైంది కదమ్మా. ఇంకెప్పుడూ నలుగురిలో నోరు విప్పను.”

ఆదివారం పాస్టరు గారు ప్రార్థన చేయమంటే బాబాయ్ తల అడ్డంగా ఊపాడు. చర్చి తొందరగానే వదిలారు, కానీ ఏదో వెలితిగా అనిపించి జనం ఇళ్ళకు పోకుండా గుమ్మంలోనే తచ్చాడారు.

మర్నాడు దుకాణంలో పరీక్ష కుర్చీలో వచ్చి కూర్చున్నది స్టేషన్ మాస్టరు. కూతురు ఆయనకు ఫ్రేము పెట్టి అద్దం మార్చింది.

“ఇది బాగా కనిపిస్తోందా అండీ, ఇదా?”

“మొన్న పొద్దున్నే మీ నాన్న సంచీ భుజానేసుకుని మా గుమ్మంలో నిలబడ్డాడమ్మా,” అన్నాడాయన అడిగినదానికి జవాబు చెప్పకుండా. “‘నా మనసు మీ గీజరు దగ్గరే ఉండిపోయింది బావగారూ, తీసుకెళ్దామని వచ్చాను’ అన్నాడు. గీజరు బాగుచేశాడు, ఆవిడకు తిప్పడం తేలికవుతుందని కొళాయికి పొడుగు పిడి పెట్టాడు. సంబంధం సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు. ఏ బండి ఎంత ఆలస్యమో దూరం నుంచే చెప్పేవాణ్ణి నేను. పక్కనున్న మనిషి చేతులు మాత్రం చూడలేదు. నా కళ్ళలో ఏదైనా లోపముందేమో కాస్త చూడు.”

ఆమె అద్దం తీసి తన కళ్ళు తుడుచుకుంది. “మీ చూపు బాగానే ఉంది మామయ్య గారూ.”

ఆ పిలుపు నోరు జారి వచ్చింది. ఆయన దాన్ని సరిదిద్దలేదు. “పెళ్ళిలో ప్రార్థన మీ నాన్నే చేయాలి. ఎన్నిసార్లు మొదలుపెట్టినా సరే,” అని లేచాడు.

ఇంటికి నడుస్తుంటే ఆమెకు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. పాస్టరమ్మ గారి కొళాయికి ఇప్పుడు గుడ్డ లేదు. కీబోర్డు స్టూలు ఊగడం మానేసింది. టీచరమ్మ మెట్ల మీద బకెట్లు చూసి చాన్నాళ్ళయింది. ఇవన్నీ ఆమె రోజూ చూస్తున్నవే, ఎవరు చేశారని ఏనాడూ ఆలోచించలేదు. బాబాయ్ గుమ్మంలో పనిముట్లకు నూనె రాస్తున్నాడు.

“నాన్నా, ప్రార్థనలో నీ మనసు పోయిన చోటికల్లా తర్వాత వెళ్ళొస్తావా?”

దొంగతనం బయటపడ్డట్టు కంగారుపడ్డాడాయన. “వెళ్ళకపోతే అది మళ్ళీ అక్కడికే పోతుంది కదమ్మా. ఆ పని అయిపోతే ఇక పోదు. ఇలా ఒక్కొక్కటే కట్టేసుకుంటూ వస్తే ఎప్పటికో నా చూపు దేవుడి మీద నిలుస్తుందని ఆశ. కానీ ఒకటి కడితే ఇంకొకటి కారుతుంది. నాకీ జన్మకి ఏకాగ్రత కుదరదేమో.”

ఆమెకు ఆ నిమిషాన తండ్రి మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పడం కష్టం. ఇన్నాళ్ళూ సిగ్గుపడినందుకు తన మీద కోపం కూడా వచ్చింది.

“నీ చూపు ఆయన మీదే ఉంది నాన్నా. ఆయన ఎవరిని చూస్తుంటే నీకూ వాళ్ళే కనిపిస్తున్నారు. అంతే.”

“అంటే కళ్ళు బాగానే ఉన్నాయంటావా?”

“నేను పరీక్ష చేసి చెప్తున్నాను.”

పెళ్ళి రోజు చర్చి కిక్కిరిసింది. పాస్టరు గారు ముందుజాగ్రత్తగా ప్రసంగం సగానికి కుదించుకున్నారు. స్టేషన్ మాస్టరు గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు. అనుభవమున్న వాళ్ళు కుర్చీల్లో వెనక్కి వాలి హాయిగా కళ్ళు మూసుకున్నారు.

“కృపగల తండ్రీ, ఈ ఉదయాన్ని ఇచ్చినందుకు నీకు స్తోత్రాలు. ఈ పిల్లలిద్దరి చూపూ ఎప్పుడూ నీ మీద నిలిచేలా దీవించు. ఆమెన్.”

ఎవరూ ఆమెన్ అనలేదు, కళ్ళు కూడా తెరవలేదు. అందరూ రెండోసారి కోసం కాచుకుని ఉన్నారు.

“అయిపోయిందండీ,” అన్నాడు బాబాయ్ మొహమాటంగా.

పాస్టరు గారు ఒక కన్ను తెరిచారు. “ఒక్కసారి కూడా ఎక్కడికీ పోలేదా బాబాయ్ గారూ?”

“అమ్మాయి పెళ్ళి కదండీ. నిన్న పొద్దుటి నుంచే ఇల్లిల్లూ తిరిగి, పోవడానికి వీలున్న చోట్లన్నీ చూసొచ్చేశాను.”

పెళ్ళికూతురు ముసుగులోంచి అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా “ఆమెన్” అంది.