మోకాళ్ల దవాఖానాలో ముగ్గురి వరుస

నాచారం పద్మశ్రీ గురించి చెప్పాలంటే ముందు వాళ్లత్త కౌసల్యమ్మ గురించి చెప్పాలి. బస్తీకి నీళ్ల ట్యాంకరొస్తే బిందెల వరుస నడిపేది ఆవిడే. బాగా పెద్దవాళ్లొస్తే ముందుకు పిలుస్తుంది. ఈడు ఇంచుమించు ఒకటే అయితే ముందొచ్చినవాళ్లదే ముందు. ఏనాడూ కొట్లాట లేదు.

ఉప్పల్లో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. పద్మశ్రీ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కొత్తగా చేరింది. యజమాని గిరిప్రసాద్‌కి హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషంటే పిచ్చి. అందులో పనంతా చిన్న చిన్న ఫంక్షన్లుగా, అంటే ఒక్కో లెక్క తేల్చే ఒక్కో సూత్రంగా రాస్తారు. మోకాళ్ల డాక్టరు కామరాజు పేషెంట్ల వరుస చూపే తెర కావాలన్నాడు. ఇద్దరిని పోల్చి ఎవరు ముందో చెప్పే ఫంక్షన్ పద్మశ్రీ వంతుకొచ్చింది. అత్త పద్ధతినే దించేసింది: పదేళ్లకు మించి తేడా ఉంటే పెద్దవాళ్లు, లేకపోతే ముందొచ్చినవాళ్లు.

మొదటి రోజే రభస. మోకాళ్లకు కరెంటు పెట్టించుకోవడానికి ముందు యాభయ్యేళ్ల రాజ్యం వచ్చింది, తర్వాత యాభై ఎనిమిదేళ్ల కౌసల్యమ్మ, ఆ తర్వాత అరవై ఆరేళ్ల వెంకటనర్సమ్మ. కొత్త పేరు ఎక్కించిన ప్రతిసారీ తెర మీద ఈ ముగ్గురూ తారుమారు!

"ఇందాక నా పేరే కదండీ పైనుంది!" అంది రాజ్యం.

"నీకన్న మస్తు పెద్దదాన్ని, నేను నిలబడాల్నా?" అంది వెంకటనర్సమ్మ.

"రేపు గూడ గిట్లనే అయితే మీ తెర మీరే తీస్కపోన్రి" అన్నాడు డాక్టరు.

గిరిప్రసాద్ మొహం మాడ్చుకున్నాడు. "రేపు సరిగ్గా నడిస్తేనే నీ ఉద్యోగం పర్మనెంటమ్మా. లేదంటే నేనేం చేయలేను."

పద్మశ్రీ ఆఫీసుకొచ్చి బల్ల మీద మూడు టీ గ్లాసులు పెట్టింది. రాజ్యం ముందొచ్చింది కాబట్టి కౌసల్యమ్మకన్నా ముందు. కౌసల్యమ్మ ముందొచ్చింది కాబట్టి వెంకటనర్సమ్మకన్నా ముందు. కానీ వెంకటనర్సమ్మ బాగా పెద్దది కాబట్టి రాజ్యంకన్నా ముందు! ఇద్దరిద్దరిని చూస్తే తప్పు లేదు. ముగ్గురూ కలిస్తే మొదలూ లేదు, చివరా లేదు; అందుకే ఏ ఇద్దరిని ముందు పోలిస్తే తెర మీద ఆ వరుస వస్తోంది. ట్యాంకరు దగ్గర అత్త నవ్వించో గదమాయించో సర్దేస్తుంది. కంప్యూటరుకి ఆ విద్య ఎక్కడిది?

ఆ ఫంక్షన్ తీసేసి కొత్తది రాసింది. అరవై దాటినవాళ్లు ముందు గుంపు, మిగతావాళ్లు వెనక గుంపు, గుంపులో వచ్చిన వరుసే వరుస. దాన్ని ఊరికే నమ్మలేదు, పరీక్ష కూడా రాసింది: ఒకటో మనిషి రెండో మనిషికి ముందు, రెండో మనిషి మూడో మనిషికి ముందు అయితే, ఒకటో మనిషి మూడో మనిషికీ ముందే ఉండాలి. కంప్యూటరే నోటికొచ్చిన వయసులు కల్పించి ముగ్గురేసి మనుషుల్ని ఫంక్షన్‌లోకి తోసింది. పాత ఫంక్షన్ ఇట్టే దొరికిపోయింది. కొత్తది ఎందర్ని తోసినా చెక్కుచెదరలేదు.

మర్నాడు ఆ ముగ్గురూ అదే వరుసలో వచ్చారు. తెర మీద వెంకటనర్సమ్మ, రాజ్యం, చివర కౌసల్యమ్మ. ఎన్ని పేర్లు ఎక్కించినా ఆ ముగ్గురి వరుస మారలేదు.

"ఓ పద్మా! నా పద్ధతి తీసుకపోయి నన్నే ఎనకకు తోస్తివా?"

"మీకు ఇంకా అరవై నిండలే గదా అత్తమ్మా, పడుచోళ్లల్ల కూసోబెట్టిన!"

ఆ మాటకు కౌసల్యమ్మ కొంగు సర్దుకుని కూర్చుంది. డాక్టరు పగలబడి నవ్వాడు. "సొంత అత్తనే ఆఖరికి కూసోబెట్టిందంటే ఇగ దీంట్ల మోసం లేదు. ఉంచుండ్రి."

గిరిప్రసాద్ ఆ సాయంత్రమే పర్మనెంటు కాగితం చేతికిచ్చాడు.