ఎవరండీ మీరు?

కంప్యూటరు ముందు కూర్చోవాలంటే చెప్పులు గది బయటే విప్పాల్సిన రోజులవి. తణుకులో ఎరువుల కొట్టు మీద అంతస్తులో ఉండేది మా ఇన్‌స్టిట్యూట్. కింద ఎరువుల ఘాటు, సీజన్లో పంచదార ఫ్యాక్టరీ నుంచి మడ్డి వాసన, పైన ఏసీ గదిలో మాత్రం గర్భగుడిలో ఉన్నంత భక్తి. ఆ కాలంలో మాకు కంప్యూటరు మీదున్న నమ్మకం పక్కవాళ్ల మీద ఉండేది కాదు. నాకైతే మరీను. "నీకు ఉగ్గుపాలల్లో అనుమానం రంగరించి పోశానే బుజ్జీ" అనేది మా అమ్మ. (ఈ బుజ్జి అన్న పేరు మా అన్నయ్య ఓసారి మెట్ల కింద నిలబడి గట్టిగా పిలవడంతో బ్యాచ్ మొత్తానికీ తెలిసిపోయింది. ఇక నా అసలు పేరు ఎవరూ వాడలేదు.)

స్ట్రింగ్ పాఠం రోజున మా సారు మల్లెదండతో పోల్చి చెప్పారు. "స్ట్రింగంటే దారం అమ్మా. అక్షరాలేమో పువ్వులు. ఈ కొటేషన్ గుర్తు మొదటి ముడి, ఆ చివరది రెండో ముడి. మధ్యలో ఖాళీ వదిలితే అదీ ఓ పువ్వే. ఒక్క పువ్వు తేడా వచ్చినా కంప్యూటరు ఇది ఆ దండ కాదు పొమ్మంటుంది." నేను బుద్ధిగా తలూపాను. తలూపడంలో నన్ను మించినవాళ్లు అక్కడ లేరు.

కోర్సు చివర్లో ల్యాబ్ అసిస్టెంట్ ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. మేడ సొంతదారు, ఇన్‌స్టిట్యూట్‌లో సగం వాటాదారు అయిన రాజుగారు స్వయంగా వచ్చి ఇద్దరి ప్రోగ్రాములు చూసి ఒకరిని ఖాయం చేస్తారన్నారు. ఆ ఇద్దరిలో నేనొకదాన్ని. ఉద్యోగం వస్తే సరేసరి, రాకపోతే మా పిన్ని దగ్గర కుట్టు మిషను నేర్చుకోవాలని మా నాన్న తీర్మానం. నాకేమో నేత చీర కట్టుకుని ఆ చల్లటి గదిలో అటూ ఇటూ తిరుగుతున్నట్టు రోజూ పగటి కలలు. రెండోవాడు నోరు విప్పని మనిషి. అందుకే మేం మౌనస్వామి అనేవాళ్లం. మాట్లాడనివాళ్లంటే నాకు మొదటినుంచీ అనుమానమే.

పైగా నేనెంత పెందలాడే వెళ్లినా గుమ్మం బయట అతని చెప్పులు ముందే ఉండేవి. అంత పొద్దున్నే ఏం పని? నా ప్రోగ్రాం మీద కన్నేశాడని తేల్చేసుకున్నాను. కీబోర్డు మీద చున్నీ కప్పి, లోపల చేతులు పెట్టి టైపు చేసేదాన్ని. ప్రోగ్రాం దాచుకున్న ఫ్లాపీ హ్యాండ్‌బ్యాగులోంచి తీసి అన్నం తినేటప్పుడు ఒళ్లో పెట్టుకునేదాన్ని. ఇంతకీ ఆ మహా రహస్యం ఏంటంటే, కంప్యూటరు మన పేరడుగుతుంది. నేను ముందే అందులో రాసిపెట్టిన పేరైతే NAMASKARAM ANDI అంటుంది. లేకపోతే EVARANDI MEERU? అంటుంది.

రాజుగారు వచ్చారు. మొదట మౌనస్వామి వంతు. అతని ప్రోగ్రాం ఏ పేరిచ్చినా తిరగేసి చూపిస్తుంది. రాజుగారు ఒక్క వేలితో RAJU అని వెతుక్కుని వెతుక్కుని కొట్టారు. UJAR అని వచ్చింది. "నా పేరు తలకిందులు చేశారేంటండీ?" అని మొహం చిన్నబుచ్చుకున్నారు. ఉద్యోగం నా ఒళ్లో పడినట్టేనని లోపల్లోపల గంతులేశాను.

నా వంతు వచ్చింది. మళ్లీ అదే వేలు, అవే అక్షరాలు.

EVARANDI MEERU?

"నా మేడలో కూర్చుని నన్నే ఎవరని అడుగుతుందేంటండీ ఇది!" అన్నారు రాజుగారు. ఇంకోసారి కొట్టారు. మళ్లీ అదే ప్రశ్న. నేను చటుక్కున ముందుకెళ్లి కొట్టాను. నమస్కారం అంది! ఆయన కొడితే మాత్రం ఎవరంటోంది.

"సార్, ఎవరో నా ప్రోగ్రాంలో చెయ్యి పెట్టారండీ!" అని మౌనస్వామి వంక గుడ్లురిమి చూశాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని సామెత. అతను నిజంగానే భుజం తడుముకున్నాడు. (చీమ కుట్టిందట.) అలా తడుముకుంటూనే నోరు విప్పాడు.

"బుజ్జిగారు కొడుతున్నది RAJU GARU అండీ. రాజుగారేమో RAJU అనే కొడుతున్నారు. తన పేరుకి తనే గారు పెట్టుకోరు కదండీ ఎవరూ."

గారు లేకుండా ఆయన్ని మా వీధిలో ఎవరైనా అంటే కదా నాకు తోచడానికి! వాళ్లావిడ కూడా రాజుగారనే పిలుస్తారు. ఆయన కాసేపు ఆలోచించి, అటూ ఇటూ చూసి, కొత్త పెళ్లికొడుకులా సిగ్గుపడుతూ GARU కూడా కొట్టుకున్నారు. నమస్కారం రాగానే మొహం చేటంత అయింది. "మర్యాద తెలిసిన పిల్లవమ్మా. కానీ పదిమందికి నేర్పేచోట తప్పు పట్టుకునేవాడుండాలి కదా" అన్నారు. ఉద్యోగం మౌనస్వామికి వెళ్లింది. సారు నన్ను ఓదార్చబోయి, "కుట్టు మిషనైనా దారమే కదమ్మా" అన్నారు. ఏడుపొచ్చింది.

మెట్లు దిగుతుంటే మౌనస్వామి వెనకాలే వచ్చాడు. "ఏమనుకోకండేం. మీరు చున్నీ కప్పుకుని ఏదో చేస్తుంటే, నా ఫ్లాపీ ఏం చేస్తారోనని భయమేసి రోజూ ముందే వచ్చి కాపలా కాసేవాణ్ణండి" అన్నాడు. నాకు అతని చెప్పుల్లాగే, అతనికి నా చున్నీ అనుమానంగా కనిపించిందన్నమాట.

తర్వాత సర్టిఫికెట్టు కోసం వెళితే ల్యాబ్ ఖాళీగా ఉంది. తెర మీద నా ప్రోగ్రామే పేరడుగుతోంది. BUJJI అని కొట్టాను. EVARANDI MEERU? అంది. ఇంతలోనే నన్ను తీసేశాడా అని ఒళ్లు మండిపోయింది. అంతలోకి నేనసలు నా పేరు అందులో పెట్టుకోనేలేదని గుర్తొచ్చింది. ఎందుకో అనుమానమొచ్చింది. గుమ్మం వైపు చూశాను, ఎవరూ లేరు. సిగ్గు చంపేస్తుంటే BUJJI పక్కన ఖాళీ వదిలి, GARU అని కొట్టాను.

NAMASKARAM ANDI.

ఈసారి నా ప్రోగ్రాంలో ఎవరో నిజంగానే చెయ్యి పెట్టారు.

కొంతకాలం జాకెట్లు కుట్టాక, కొవ్వూరు బళ్లో ఈ స్ట్రింగ్ పాఠమే చెప్పుకునే యోగం పట్టింది. ఇప్పుడు నన్ను గారు అనేవాళ్లకు కొదవ లేదు. అన్నప్పుడల్లా, వీళ్లకు నాతో ఏం పని పడిందో అని అనుమానం వస్తుంది. ఆ మొదటి గారు మీద మాత్రం నాకు ఇప్పటికీ ఏ అనుమానమూ లేదు.