బేస్‌మెంట్‌లో బ్యాటరీ పెట్టె

కెనడాలోని కిచెనర్ ఊళ్లో మేం ఆరుగురు విద్యార్థులం అద్దెకున్న బేస్‌మెంట్‌లోనే ఇంటి ఓనర్ అంకుల్ సోలార్ బ్యాటరీల పెట్టె ఉండేది. చార్జింగ్‌లో వాటి నుంచి హైడ్రోజన్ వస్తుంది. అది బయటికి పోవలసిన గొట్టంలో, చలిగాలి వస్తోందని ఆ మహానుభావుడు గుడ్డలు కుక్కాడు.

ఒక సాయంత్రం గ్యాస్ అలారం మోగింది. ఆయన దిగివచ్చి అలారం ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

“అంకుల్, గ్యాస్ నిండితే పేలుతుంది. ఆ గుడ్డలు తీసేయండి,” అన్నాను.

“నువ్వు నిన్నగాక మొన్న దిగావ్. నేనిక్కడ ఇరవై ఏళ్ల కిందే సెటిలయ్యా. నాకు చెప్తావా?”

ఆయన సీనియారిటీ గ్యాసుకు తెలియదు కదా. ఆయన పైకెళ్లాక స్విచ్చుల జోలికి పోకుండా కిటికీలు తెరిచి, గుడ్డలు లాగేశాను. కొత్త అలారం మేమే కొని తగిలించాం.

వారం తర్వాత ఆయన చుట్టాలకు పెట్టె చూపిస్తూ, “గాలాడాలండీ, లేకపోతే డేంజర్,” అని పాఠం చెబుతున్నాడు.